నీళ్లలో చత్వారం: డైవింగ్ మాస్కుకు చదివే అద్దాలు అతికించుకున్న నా అనుభవం

2024 జనవరి 18, ఉదయం. అందరూ ఇప్పటికీ హేవ్‌లాక్ అనే పిలిచే అండమాన్ స్వరాజ్ ద్వీప్ దగ్గర, పదకొండు మీటర్ల లోతులో ఉన్నాం. స్కూబా కోర్సులో నాకది నాలుగో డైవ్, చివరిది కూడా. ఇన్‌స్ట్రక్టర్ నా వైపు తిరిగి తన అరచేతి మీద రెండు వేళ్లతో తట్టాడు. గాలి ఎంత మిగిలిందని అడగడం అది. పక్కన వేలాడుతున్న గేజ్‌ను చేతిలోకి తీసుకుని చూశాను. నల్లటి గుండ్రటి బిళ్ల, దాని మీద అలికేసినట్టు తెల్లటి మరకలు. ముల్లు ఉందని తెలుస్తోంది, ఏ అంకె మీద ఉందో తెలియడం లేదు. చేయి ఎంతవరకు చాచగలనో అంతవరకూ చాచాను. మరకలు మరకల్లాగే ఉన్నాయి. అతను ఎదురుచూస్తున్నాడు. కొద్దిసేపటి క్రితం నా గేజ్ తానే చూసి 130 అని సైగ చేశాడు కదా, ఇప్పుడు 110 ఉంటుందిలే అనుకుని వేళ్లతో ఆ అంకె చూపించాను.

అతను దగ్గరకు వచ్చి నా గేజ్ తిప్పి చూశాడు. 70 బార్. ట్యాంకులో మిగిలిన గాలి ఒత్తిడికి కొలత అది.

200తో దిగుతాం, 50 మిగిలేసరికి పైకి వచ్చేసి ఉండాలి. మొదటి రోజు నుంచీ తరగతిలో మాతో వల్లె వేయించిన లెక్క అది. నేను చెప్పినదానికీ నిజంగా ఉన్నదానికీ 40 బార్ల తేడా. ఆ లోతులో, కొత్తవాళ్లు పీల్చే వేగంతో, అది దాదాపు పది నిమిషాల ఊపిరి. అతను బొటనవేలు పైకెత్తాడు, ఇక పైకి వెళదామని. పైకి వచ్చేముందు జాగ్రత్త కోసం ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినంతసేపూ నా గేజ్ అతని చేతిలోనే ఉంది. కాపీ కొడుతూ దొరికిన పిల్ల చేతిలోంచి పరీక్ష కాగితం తీసేసుకున్నట్టు అనిపించింది నాకు.

పడవ ఎక్కి ట్యాంకు దింపుకున్నాక అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయేమో, మా అన్నయ్య కొడుకు వయసు. గొంతు పెంచలేదు. "మేడమ్, చేప కనిపించకపోతే నష్టం లేదు. గాలి ఎంతుందో కనిపించడం లేదని మీరు నాకు చెప్పి ఉంటే నిమిషానికోసారి నేనే చూసేవాణ్ణి. చెప్పలేదు కాబట్టి, మీరు చూపించిన అంకెను నేను నమ్మాల్సి వచ్చింది" అన్నాడు. ఏం జవాబు చెప్పాలో తెలియక తల ఊపాను. మొహం తుడుచుకున్న తువ్వాలు మొహం మీదే చాలాసేపు ఉంచుకున్నాను.

ఎందుకు దాచానో రాయకపోతే ఈ అనుభవానికి అర్థం ఉండదు. అప్పటికి నాకు 51 ఏళ్లు. తరగతిలో మిగిలిన ముగ్గురూ పాతికేళ్ల లోపువాళ్లు. కోర్సుకు ముందు నింపిన ఆరోగ్య ఫారంలో 45 దాటాయా అని ఒక ప్రశ్న ఉంది. దాని కోసం విశాఖపట్నంలో డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకుని సంతకం తెచ్చుకున్నాను. గుండె, ఊపిరితిత్తులు, చెవులు, అన్నీ అడిగారు. చదవడానికి కళ్లజోడు పెట్టుకుంటారా అని మాత్రం ఎక్కడా లేదు. అడగని సంగతి నేనెందుకు చెప్పాలి, చెబితే వద్దంటారేమో అనుకున్నాను. పైగా పడవ మీద ఎండలో కూర్చుని గేజ్ చూసుకుంటే అంకెలు బాగానే కనిపించాయి. కళ్లజోడు లేకుండానే చదివాను. నీళ్లలోనూ అలాగే కనిపిస్తాయని నిజంగానే నమ్మాను. ఇది అబద్ధం కాదు.

అదే డైవ్‌లో ఇంకొకటి జరిగింది. గేజ్ సంగతికి ముందు, ఇన్‌స్ట్రక్టర్ ఒక ఎనిమోన్ దగ్గర, అంటే పువ్వులా కనిపించే సముద్రజీవి దగ్గర ఆగి, దాని తీగల మధ్య ఏదో ఉందని వేలితో చూపించాడు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వంగి చూసి, బాగుందని చేతులు ఊపారు. నా వంతు వచ్చింది. నాకు తీగలు తప్ప ఏమీ కనిపించలేదు. అయినా బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి, చూశాను అని సైగ చేశాను. అది గేజ్ కంటే చిన్న అబద్ధమే. మనసులో ఎక్కువగా గుచ్చుకున్నది మాత్రం అదే.

తిరుగు ప్రయాణంలో ఇంటికి ఫోను చేసి మా అమ్మాయితో మాట్లాడుతుంటే, పడవలో తాళ్లు సర్దుతున్న కుర్రవాడు తలెత్తి, "అక్కా, మీరు తెలుగువాళ్లా?" అన్నాడు. అతని తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వేటకు వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డారట. అండమాన్‌లో తెలుగు వినిపించడం వింత కాదు, అయినా ఆ పూట నాకు అది పెద్ద ఓదార్పు. ఇన్‌స్ట్రక్టర్ నాతో అన్న మాటలు అతను విన్నాడు. "ఏటా ఒక పెద్దావిడ వస్తారక్కా. ఆవిడ మాస్కులో కింద అరచందమామలా అద్దం అతికించి ఉంటుంది. కళ్లు కిందికి దించితే అంకెలు కనిపిస్తాయట" అన్నాడు. అలాంటిది ఒకటి ఉందని నేను మొదటిసారి విన్నది అతని నోటే.

ఇంటికి వచ్చాక పది రోజులు అదే పని. చూపు దూరానిది కూడా బాగాలేనివాళ్లకు మాస్కు అద్దాలనే మార్చి మైనస్ పవర్ ఉన్నవి బిగించుకునే వీలుంది. నాకు దూరం చక్కగా కనిపిస్తుంది, కాబట్టి అది నాకు పనికిరాదు. మా వీధి చివర కళ్లజోళ్ల దుకాణంలో అడిగితే, మాస్కు ఇస్తే పై ఊరికి పంపి లోపల అద్దం అరగదీసి అంటించి తెప్పిస్తామన్నారు. 9,500 రూపాయలు, మూడు వారాలు. ఒకసారి అంటించాక తీయడం కుదరదన్నారు. మెత్తటి ప్లాస్టిక్‌తో చేసి, జిగురు లేకుండా నీళ్లతోనే అతుక్కునే లెన్సులు హైడ్రోటాక్ వంటి పేర్లతో వస్తాయని అప్పుడు తెలిసింది. అరచందమామ ఆకారమే. పైఅంచు తిన్నగా, కింద గుండ్రంగా ఉంటాయి. కావాలంటే ఊడదీసి మళ్లీ పెట్టుకోవచ్చు.

ఫిబ్రవరి 2న విదేశంలోని ఒక అమ్మకందారు దగ్గర ఆర్డరు పెట్టాను. ఇక్కడే మొదటి తప్పు చేశాను. ఇంట్లో నేను పేపరు చదివేది ప్లస్ 2 కళ్లజోడుతో. నీళ్లలో చీకటిగా ఉంటుంది కదా, ఎక్కువ పవర్ ఉంటే మంచిదే కదా అని ప్లస్ 3 తీసుకున్నాను. ఎవరినీ అడగలేదు. పోస్టు ఖర్చుతో కలిపి 3,450 రూపాయలు. 19 రోజులకు, ఫిబ్రవరి 21న చేతికి వచ్చింది. ఈలోగా సొంత మాస్కు కూడా కొన్నాను. అద్దెకు ఇచ్చే మాస్కుకు అతికించుకుని తిరిగి ఇచ్చేయలేం. ఆ ఖర్చు ఉంటుందని ముందు నాకు తట్టనే లేదు. 4,200 రూపాయలు. కొత్త మాస్కు లోపలి అద్దం మీద తయారీ నుంచి వచ్చే పలచటి పొర ఉంటుంది, అది పోకపోతే ఆవిరి పడుతుంది. టూత్‌పేస్టు రాసి వేలితో రుద్ది కడగాలి. ఈ పని లెన్సు పెట్టకముందే చేయాలి. పెట్టాక ఆ భాగాన్ని రుద్దడం కుదరదు. నేను మూడు సార్లు రుద్ది కడిగాను.

పెట్టె తెరిస్తే ఇంతేనా అనిపించింది. లేత తాటిముంజ మీది పొరను ఒలిచి ఆరబెట్టినట్టు, వేలి మీద వేలాడేంత మెత్తగా రెండు బిళ్లలు. ఒక వైపు చదును, ఒక వైపు కొద్దిగా ఉబ్బు. చదునుగా ఉన్న వైపు మాస్కు అద్దానికి అంటుకోవాలి. ఉబ్బు మన కంటి వైపు, మాస్కులోని గాలిలో ఉంటుంది. అందుకే ఇంట్లో ఎంత పవర్ ఉంటుందో నీళ్లలోనూ అంతే ఉంటుంది. ఉబ్బు నీటికి తగిలితే పవర్ చాలావరకు పోయేది.

ఆ సాయంత్రమే పళ్లెంలో నీళ్లు పోసి అతికించాను. రాత్రి బాగానే ఉంది. తెల్లారి చూస్తే కుడివైపు లెన్సు కిందికి జారి మాస్కు మూలలో ముడుచుకుని ఉంది. ఎడమవైపుది వేలితో తాకితే కదిలింది. వెలుతురుకు ఎత్తి చూస్తే అద్దానికీ లెన్సుకూ మధ్య ఇంద్రధనుస్సు రంగుల మరక, దాని మీద స్పష్టంగా నా బొటనవేలి ముద్ర. వంగి చూస్తే వాసన కూడా వచ్చింది. కొబ్బరినూనె. అంతకు గంట ముందు తలకు నూనె రాసుకున్నాను. చేతులు సబ్బుతో కడుక్కున్నాను గానీ, మధ్యలో నుదుటి మీద పడిన జుట్టును రెండు మూడు సార్లు వెనక్కి తోసుకున్నట్టు గుర్తు. ఆ మాత్రం చాలు. తలకు నూనె రాసుకునే అలవాటున్న మనవాళ్లు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, తలస్నానం చేసిన రోజునే ఈ పని పెట్టుకోండి. లెన్సులను గిన్నెలు కడిగే సబ్బునీళ్లలో మెల్లగా కడిగి, మాస్కునూ కడిగి, మళ్లీ పెట్టాను. ఈసారి నిలిచింది.

నిలిచాక అసలు సంగతి బయటపడింది. సముద్రం దాకా వెళ్లకుండా ఇంట్లోనే పరీక్షించాలనుకున్నాను. నా గేజ్‌లాంటిదాని బొమ్మను అసలు కొలతలోనే ముద్రించి, జిరాక్సు దుకాణంలో 20 రూపాయలకు ప్లాస్టిక్ తొడుగు వేయించి, ఒక కర్రకు కట్టాను. పెరట్లోని నీలం నీళ్ల డ్రమ్ములో మాస్కుతో ముఖం ముంచాను. మా అమ్మాయి కర్రను మెల్లగా కిందికి దించుతూ పోయింది. దగ్గరగా ఉన్నప్పుడు అంకెలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. రెండు జానలు దాటాయో లేదో, ఒక్కసారిగా మసక. నేను గేజ్ పట్టుకునేది అంతకంటే దూరంలో. మళ్లీ మళ్లీ ముంచాను. ఆరుసార్లూ అక్కడే, ఆ రెండు జానల దగ్గరే. 3,450 రూపాయలు, 19 రోజులు పోయాయని చాలా బాధపడ్డాను.

అప్పుడు గానీ కంటి డాక్టరు గుర్తుకు రాలేదు. మార్చి 4న వెళ్లాను. గంటా నలభై నిమిషాలు కూర్చున్నాను, ఫీజు 600. నీళ్లలోకి కళ్లజోడు అనగానే డాక్టరుగారు కలం కింద పెట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న పవర్ గురించి కాదు. "ఆ గేజ్‌ను కంటికి ఎంత దూరంలో పట్టుకుంటారు?" అని. నాకు తెలియదు. చేతిలో కాఫీ కప్పు మూత లాంటిది పెట్టి, అలవాటుగా పట్టుకోమని, టేపుతో కొలిచారు. 55 సెంటీమీటర్లు.

తర్వాత కాగితం మీద గీసి చెప్పారు. నీళ్లలోంచి మాస్కులోని గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగుతుంది. అందువల్ల ప్రతి వస్తువూ ఉన్నదానికంటే నాలుగోవంతు దగ్గరగా, మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. పెద్దగా కనిపించడం మేలే. దగ్గరికి జరగడమే చత్వారం ఉన్నవాళ్లకు కష్టం. 55లో పట్టుకున్న గేజ్ కంటికి 41లో ఉన్నట్టే లెక్క. నేను చేయి చాచినకొద్దీ నీళ్లు దాన్ని నా కంటి వైపే వెనక్కి నెట్టాయన్నమాట. ఇక ప్లస్ 3 అద్దం 33 సెంటీమీటర్ల దాకా చూడటానికి పనికొస్తుంది. నీళ్లలో అది 44 అవుతుంది. నా రెండు జానలు! ప్లస్ 2 అయితే 50 సెంటీమీటర్లు, నీళ్లలో 67 దాకా. మనిషి చేతికి అందే దూరమంతా అందులో పడుతుంది. కంటికి మిగిలి ఉన్న కొద్దిపాటి శక్తితో ఇవతలి దూరాలను సర్దుకుంటామన్నారు.

పడవ మీద ఎందుకు కనిపించింది, నీళ్లలో ఎందుకు కనిపించలేదు అని అడిగాను. ఎండలో కంటిపాప సూదిబెజ్జంలా ముడుచుకుంటుంది, అప్పుడు దగ్గరిదీ దూరానిదీ కూడా కొంత తేటగా ఉంటుంది. లోతుకు వెళితే వెలుతురు తగ్గుతుంది, పాప విప్పుకుంటుంది, చత్వారం ఎంతుందో అంతా బయటపడుతుంది. ఈ ఒక్క మాట జనవరిలో తెలిసి ఉంటే నేను ఎండలో గేజ్ చదివి ధైర్యపడేదాన్ని కాదు. కాంటాక్టు లెన్సుల సంగతి కూడా అడిగాను. కొందరు పెట్టుకుని దిగుతారు గానీ, అలవాటు లేని నాకు, మాస్కులోకి సముద్రపు నీళ్లు రావడం మామూలైన చోట, వద్దన్నారు.

మార్చి 6న ప్లస్ 2 ఆర్డరు పెట్టాను. 3,250. ఈసారి పొట్లం కస్టమ్స్‌లో పదకొండు రోజులు ఆగింది. 480 రూపాయల సుంకం కట్టాక కదిలింది. ఏప్రిల్ 2న వచ్చింది, మొత్తం 27 రోజులు. ప్రయాణం ఖాయం చేసుకున్నాక తెప్పించుకుందామనుకునేవాళ్లు కనీసం రెండు నెలల ముందు మేలుకోవాలి.

రెండోసారి పని తీరుగా చేశాం. ముందు రోజు తలస్నానం. మాస్కు పెట్టుకుని కిటికీ దగ్గర తిన్నగా ఎదుటి మేడ వైపు చూస్తూ నిలబడ్డాను. మా అమ్మాయి ఎదురుగా నిలబడి, "అమ్మా, తల దించకు, గడ్డం ఎత్తకు" అంటూ, నా నల్లగుడ్డు కింది అంచు ఎక్కడుందో చూసి, మాస్కు అద్దం బయటివైపు మార్కరుతో చిన్న గీతలు పెట్టింది. లెన్సు పైఅంచు ఆ గీతకు కొంచెం కిందుగా రావాలి. మొదటిసారి నేను అద్దంలో చూసుకుంటూ ఒక్కదాన్నే పెట్టుకున్నాను. పైకి వచ్చేసి, తిన్నగా చూసినా సగం మసకగా ఉండేది. రెండు కళ్లకూ ఒకే ఎత్తులో ఉండటం ముఖ్యం. బియ్యపుగింజంత తేడా ఉన్నా కాసేపటికి కళ్లు లాగుతాయి.

నా మాస్కు అద్దం కింద ముక్కు వైపు సన్నగా అవుతుంది. లెన్సు అక్కడ పట్టదు. కత్తిరించుకోవచ్చు గానీ నేరుగా కత్తెర పెట్టకూడదు. మాస్కు లోపల కాగితం నొక్కి ఆకారం తీసి, ఆ కాగితాన్ని లెన్సు కింద పెట్టి, గుండ్రటి వైపు మాత్రం గోళ్ల కత్తెరతో కొద్దికొద్దిగా తీశాం. తిన్నటి పైఅంచు ముట్టుకోలేదు. ఎడమదానికి కత్తిరించిన ఆకారం కుడిదానికి తిరగేసి వాడాలని మరచిపోయి, ఆఖరి క్షణంలో మా అమ్మాయి చేయి పట్టుకుని ఆపాను. గుండె ఝల్లుమంది. ఇంకో జత కోసం ఇంకో నెల ఆగే ఓపిక నాకు లేదు.

తర్వాత బేసిన్‌లో చల్లటి మంచినీళ్లు. మాస్కు, లెన్సు రెండూ నీళ్లలో మునిగి ఉండగానే ఒకదానికొకటి తాకించి, గీత దగ్గరకు జరిపి, అప్పుడు పైకి తీయాలి. నీటి మీద లెన్సు తేలికగా జారుతుంది కాబట్టి సరిచేసుకోవచ్చు. మధ్యలోంచి అంచుల వైపు బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోతే, కింద చిక్కిన నీళ్లూ బుడగలూ బయటికి వస్తాయి. ఒక బుడగ, ఆవగింజంత, ఎడమ మూలలో మొండికేసింది. దాని కోసం మొత్తం తీసి మళ్లీ పెట్టాను. మెత్తటి నూలుగుడ్డతో అద్ది, తుడవకుండా అద్దడమే, ఒక రోజు ఆరనివ్వమని పొట్లంలో రాసి ఉంది. నేను రెండు రోజులు ఫ్యాను గాలికి దూరంగా గూట్లో పెట్టాను. రాత్రి లేచి రెండుసార్లు చూసి వచ్చాను.

ఏప్రిల్ 5న డ్రమ్ము పరీక్ష. కర్ర అడుగుకు తాకేదాకా అంకెలు అంకెల్లాగే ఉన్నాయి. తల పైకెత్తి "కనిపిస్తోంది" అన్నాను. మాస్కులోంచి మాట సరిగా రాక ముక్కుతో అన్నట్టు వినిపించింది. అయినా మా అమ్మాయికి అర్థమైంది. చప్పట్లు కొట్టింది.

మరునాడు ఈతకొలనులో 150 రూపాయలు కట్టి గంటసేపు అదే పని: మాస్కులోకి నీళ్లు రానివ్వడం, పైఅంచు నొక్కి ముక్కుతో ఊది బయటికి పంపడం. లోపలికి వచ్చిన నీళ్లు సరిగ్గా లెన్సు ఉన్న చోటే నిలుస్తాయి. ఊడి వస్తుందని భయపడ్డాను. ఇరవైసార్లు చేసినా కదల్లేదు. తెలుసుకున్న ఇబ్బంది ఒకటే. కొలను నిచ్చెన దిగేటప్పుడు కాళ్ల వైపు చూస్తే మెట్లు మసకగా, ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తాయి. పాదంతో తడిమి దిగడం అలవాటు చేసుకున్నాను. ఆవిరికి చంటిపిల్లల షాంపూ ఒక్క చుక్క నీళ్లలో కలిపి, పై సగానికి వేలితో రాసి, కింది సగం మీద ఊరికే పోసి కడుగుతాను. లెన్సు అంచు మీద వేలు పోనివ్వను.

అప్పటికి అయిన ఖర్చు: మాస్కు 4,200, పనికిరాని జత 3,450, డాక్టరు 600, రెండో జత సుంకంతో 3,730, గేజ్ బొమ్మ 20, కొలను 150. మొత్తం 12,150. డాక్టరు దగ్గరకు ముందు వెళ్లి ఉంటే 8,700తో అయిపోయేది.

వేసవీ వానాకాలమూ మాస్కు పెట్టెలోనే ఉంది. సెప్టెంబరులో తీసి చూస్తే కుడి లెన్సు బయటి మూల గోరంత లేచి ఉంది. విశాఖ ఎండలకు బీరువాలో ఎంత వేడెక్కిందో. ఊడదీసి, సబ్బునీళ్లలో కడిగి, అదే పద్ధతిలో మళ్లీ పెట్టాను. మళ్లీ కొత్తదానిలా పట్టుకుంది. అప్పటినుంచి నేలబారు గూట్లో, చీకటిలో పెడుతున్నాను.

డిసెంబరు 14న రుషికొండ దగ్గర తొమ్మిది మీటర్లు దిగాను. ఆ రోజు మా విశాఖ సముద్రం బాగా పచ్చగా, మబ్బుగా ఉంది. మూడు మీటర్ల అవతల మనిషి నీడలా ఉన్నాడు. అలాంటి నీళ్లలో గేజ్ ఎత్తి కళ్లు దించాను. తెల్లటి ముల్లు, దాని మొన, మొన పక్కన 150, దాని కింద అతి చిన్న అక్షరాల్లో బార్ అన్న మాట. చుట్టూ ఏమీ కనిపించని చోట ఆ ఒక్కటీ అంత తేటగా ఉండటం చెప్పలేను. ఊపిరి నెమ్మదించింది. నిజంగానే నెమ్మదించింది, గాలి కూడా తక్కువ ఖర్చయింది.

2025 జనవరి 11న చెన్నై మీదుగా మళ్లీ అండమాన్ వెళ్లాను. ఏడాది క్రితం నేను దిగిన పోర్ట్ బ్లెయిర్ ఇప్పుడు శ్రీ విజయపురం. మరునాడు హేవ్‌లాక్‌లో అదే డైవింగ్ కేంద్రం, అదే ఇన్‌స్ట్రక్టర్. పడవ కదలకముందే అతని దగ్గరకు వెళ్లి మాస్కు చూపించి, నాకు దగ్గరి చూపు లేదని, ఇది పెట్టుకున్నానని, అయినా మొదటి రెండు డైవ్‌లు నా అంకెలు సరిచూడమని అడిగాను. అతను మాస్కును రెండు చేతులతో తీసుకుని, వెలుతురుకు ఎత్తి, అంచులన్నీ చూశాడు. "మా నాన్నగారికి కూడా చెప్పాలి, ఆయన నాతో దిగడం మానేశారు" అన్నాడు. అతని గొంతులో మార్పు విని నేను ఇంకేమీ అడగలేదు.

పన్నెండు మీటర్ల దగ్గర అతను అరచేతి మీద రెండు వేళ్లతో తట్టాడు. నేను చూశాను. ఒకటి, మూడు, సున్నా. అతను వచ్చి నా గేజ్ చూశాడు. తల ఊపాడు. ఇంకో పది నిమిషాలకు మళ్లీ అడిగాడు. 100. మళ్లీ వచ్చి చూశాడు, మళ్లీ తల ఊపాడు. మూడోసారి అడిగినప్పుడు నేను చూపించిన 80ని దూరం నుంచే చూసి, సరేనని సైగ చేసి ముందుకు వెళ్లిపోయాడు. నన్ను నమ్మాడు.

అంతకుముందు ఒక ఎనిమోన్ దగ్గర ఆగాం. ఏడాది క్రితంది అదేనో కాదో చెప్పలేను. అతను వేలు చూపించాడు. నేను ముందుకు వంగాను, మసక. పవర్ ఉంది కదా అని మరీ దగ్గరకు పోతే కనిపించదు. అర చేయి దూరం వెనక్కి జరిగి, గడ్డం కొద్దిగా ఎత్తి, కళ్లు దించాను. తీగ మీద తీగ కానిదేదో కదిలింది. గాజుతో చేసినట్టున్న రొయ్య, నా చిటికెనవేలి గోరుకంటే కాస్త పెద్దది. ఒంట్లోంచి వెనకున్న తీగ రంగు కనిపిస్తోంది. తోక మీద తెల్లటి చుక్కలు, దారాల్లాంటి మీసాలు, వాటి మీద తెల్లటి పట్టీలు. పొట్ట కింద లేత పచ్చగా ఒక ముద్ద ఉంది. అది కాళ్లతో ఆ ముద్దను ఆగకుండా విసురుతోంది. గుడ్లని పడవ మీదకు వచ్చాక ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. నేను సున్నా చుట్టి చూపించలేదు. మరచిపోయాను. అతనే నా భుజం తట్టి, చూశావా అని సైగ చేశాడు.

డైవ్ పుస్తకంలో ఆ రోజు వివరాలు రాసుకోవాలి. నిరుటి పేజీల్లో గాలి అంకెలన్నీ ఇన్‌స్ట్రక్టర్ చేతిరాతలో ఉన్నాయి. నేను అడిగి రాయించుకున్నవి. ఈసారి కలం తీసుకుని చూస్తే చదివే కళ్లజోడు గదిలోనే ఉండిపోయింది. పడవ కప్పు నీడలో గీతలు కనిపించడం లేదు. తాళ్లు సర్దే కుర్రవాడు, నిరుడు నాతో తెలుగులో మాట్లాడిన అతనే, నా మాస్కు తెచ్చి చేతిలో పెట్టి, "ఇది పెట్టి చూడక్కా" అన్నాడు. ఎడమ చేత్తో దాన్ని కళ్ల ముందు ఎత్తి పట్టుకుని, లెన్సులోంచి చూస్తూ రాశాను. లోతు 14 మీటర్లు. 41 నిమిషాలు. దిగినప్పుడు 200, ఎక్కినప్పుడు 60.